గోడకివతల విన్న సినిమా

శీలావతి చేపకి పొలుసు తీయడం పెద్ద విద్యేమీ కాదు. తోక పట్టుకుని ఎదురు గీకితే అదే ఊడొస్తుంది. ముప్ఫై నాలుగేళ్లుగా గీకుతున్న చేతికి కళ్ల సాయం కూడా అక్కర్లేదు. అందుకే ఆ బుధవారం పొద్దున్న శేషారత్నం పెరట్లో పీట వేసుకుని, చేతులు చేప మీదా, కళ్లు గోడమీది పిల్లి మీదా, మనసు పదకొండు గంటలకి రాబోయే అతిథుల మీదా పెట్టి కూర్చుంది. ఒకరు తాడేపల్లిగూడెం నుంచీ, ఒకరు ఏలూరు నుంచీ, పనిగట్టుకుని కొల్లేరు అంచునున్న ఈ మండవల్లికి వస్తున్నారు. వస్తున్నది ఆవిడ కోసమే. ఆ సంగతి వాళ్లకి తెలియదు. వాళ్లు జగ్గారావు గారిని దర్శించుకోవడానికి వస్తున్నామనుకుంటున్నారు.

జగ్గారావు ఆవిడ మొగుడు. పద్దెనిమిది ఎకరాల చేపల చెరువుకి యజమాని. సంగీతంతో ఆయనకున్న చుట్టరికమల్లా, చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్ మోత మారితే బేరింగు పోయిందని పసిగట్టడం వరకే.

ఈ తిరకాసు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఫోను దగ్గర మొదలుపెట్టాలి. మూడేళ్ల కిందట జగ్గారావు కొత్త ఫోను కొనుక్కుని, పాతది "నీకెందుకైనా పనికొస్తుందిలే" అని ఆవిడ చేతిలో పెట్టాడు. ఫోనైతే ఇచ్చాడు గానీ అందులోని ఫేస్‌బుక్కు ఆయనదే, పేరూ ఫొటో ఆయనవే. మెడలో తువ్వాలు, వెనకాల చెరువు, ముందు మీసం. అది మార్చడం ఆవిడకి రాదు, ఆయనకి తీరదు. ఒకరోజు అన్నం ఉడుకుతుండగా ఆ ఫోన్లో ఏదో తిప్పుతూ తిప్పుతూ ఆవిడ 'తెర వెనక సంగీతం' అనే గుంపులోకి వెళ్లి పడింది. ఆ గుంపులో ఉన్నవాళ్లది ఒక వింత పిచ్చి. పాత సినిమాల పాటలంటే లోకానికంతా ఇష్టమే, అవి రికార్డులుగా వచ్చాయి, క్యాసెట్లుగా వచ్చాయి, ఇప్పుడు ఫోన్లలోకీ వచ్చాయి. వీళ్లకి కావలసింది పాటలు కాదు. మాటల వెనకా, మౌనాల వెనకా, ఎవరో మెట్లెక్కుతుంటే, ఎవరో ఉత్తరం చింపుతుంటే వినిపించే ఆ సంగీతం కావాలి. దాన్ని ఏ కంపెనీ ఏనాడూ విడిగా వదల్లేదు. ఎప్పటికైనా ఒక్క బిట్టు కూడా విడిచిపెట్టకుండా మొత్తం విడుదల చేస్తారని వీళ్ల ఆశ. ఏటేటా కంపెనీలకి అర్జీలు పెడతారు. "అవెవరు వింటారండీ" అని కంపెనీలు జవాబిస్తాయి. వీళ్లు మళ్లీ పెడతారు.

ఆ రోజు ఎవరో ఇరవై సెకన్ల ముక్క ఒకటి పెట్టి ఇదెక్కడిదని అడిగారు. రెండొందలమంది రెండొందల సినిమాల పేర్లు చెప్పి కొట్టుకుంటున్నారు. శేషారత్నం చేతి తడి చీరకి తుడుచుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాసింది: "అది 'పడవ దాటిన పల్లె'లోదండీ. పెళ్లివారు రాలేదని తెలిశాక, తల్లి ఒక్కర్తే గిన్నెలు సర్దుకునేటప్పుడు వస్తుంది." అరగంటలో గుంపు గుంపంతా లేచి నిలబడ్డట్టయింది. "జగ్గారావు అన్నయ్యగారూ, మీకు వెయ్యి దండాలండీ" అని తాడేపల్లిగూడెం నుంచి ఆనంద్ పాల్ అనే ఆయన రాశారు. ఆయనే ఆ గుంపుకి పెద్ద.

నేను జగ్గారావుని కాదండీ, ఆయన భార్యని అని ఆవిడ రాసింది కూడా. రాసి, చూసుకుని, చెరిపేసింది. ఎందుకు చెరిపావని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో తెలియదు. అన్నయ్యగారూ అంటూ విన్నవాళ్లు వదినగారంటే వింటారో వినరో అని భయం ఒకటి. అంతకంటే పెద్దది, సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. ఆవిడ చెప్పిన మాటకి "మీరు చెబితే ఇంక తిరుగులేదండీ" అని ఎవరైనా అనడం ఆవిడ బతుకులో అదే మొదలు. ఆ మాట మీసంతోనే వచ్చినా సరే, వదులుకోబుద్ధి కాలేదు. అలా మూడేళ్లు గడిచాయి. ఈ మూడేళ్లలో ఆవిడ కూర తిరగమోతకీ, బట్టలు ఆరేయడానికీ మధ్య నూటముప్ఫై బిట్లకి ఆనవాళ్లు చెప్పింది. ఒక్కటి తప్పలేదు.

తప్పకపోవడంలో వింతేం లేదు. మొహాలు చూసేవాళ్లకి సంగీతం చెవిన పడదు, మొహాలు కనపడనివాళ్లకి సంగీతమే మొహం. ఆవిడ పుట్టిల్లు ముదినేపల్లిలో రేకుల సినిమా హాలు వెనక. పెరటి గోడా, హాలు గోడా ఒకటే. ఆడపిల్లల్ని హాలుకి పంపడమేమిటని నాన్న అనేవాడు, కానీ గోడకి ఆ మాట చెప్పలేకపోయాడు. రోజుకి రెండాటలు, అంట్లు తోముతూ వింది, పిడకలు తీస్తూ వింది. పెళ్లయి మండవల్లి వచ్చాక ఇక్కడా అదే కథ, కాకపోతే గోడ మారింది. టీవీ హాల్లో, ఆవిడ వంటగదిలో. "కోడలు సోఫాలో కూచుని సినిమా చూసే కొంప బాగుపడదు" అనేది అత్తగారు, తను మాత్రం ఆ సోఫాలోనే కూచుని. "కథ నేను చెబుతాలేవే, నువ్వా పకోడీలు కానియ్" అనేవాడు జగ్గారావు. ఆయన చెప్పే కథలో చచ్చేదెవరో, పెళ్లాడేదెవరో తప్ప ఇంకేం ఉండేది కాదు. అందుకని ఆవిడ మిగతాదంతా వినేది. వయొలిన్లు కిందికి దిగాయంటే ఉత్తరం వచ్చింది. ఫ్లూటు ఒక్కటే మిగిలిందంటే ఆ అమ్మాయి ఒక్కర్తే అయిపోయింది. అలా వందల సినిమాలు చూడకుండా చూసింది.

ఇప్పుడు ఆనంద్ పాల్ గారు వస్తున్నది 'పడవ దాటిన పల్లె' పని మీదే. చెన్నైలో ఒక చిన్న కంపెనీవాళ్లకి ఆ సినిమా సంగీతం టేపులు గోదాములో దొరికాయి. నలభై అయిదేళ్ల నాటివి, ఒక్కదాని మీదా చీటీ లేదు. మొత్తం విడుదల చేస్తాం, ఏది ఎక్కడిదో మీరు వరస పెట్టివ్వండి అని గుంపుని అడిగారు. ఆనంద్ పాల్ గారు ఆ టేపులు సినిమాతో పోల్చుకుంటూ ఇరవై అయిదు బిట్లు వరస పెట్టారు. ఇరవై ఆరోది మాత్రం ఎక్కడా అతకడం లేదు. విడుదలకి ముందు బయటికి పంపకూడదని షరతు కాబట్టి, ఆ ఒక్కదాన్ని స్వయంగా తెచ్చి జగ్గారావు గారికే వినిపించాలని బయల్దేరారు. ఆ కబురు ముందురోజు సాయంత్రం ఫోన్లో చూసింది శేషారత్నం.

పొద్దున్న కాఫీ ఇస్తూ మొగుడికి ఉన్నదంతా చెప్పేసింది. జగ్గారావు గ్లాసు పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓసి నీ దుంపతెగ! మూడేళ్ల నించీ నేను సంగీత విద్వాంసుణ్ణా? నాకే తెలీదే!"

ఆవిడకీ నవ్వొచ్చింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ఆయన అన్నాడు, "పోన్లే, కంగారు పడకు. వచ్చినోళ్లతో నేను మాట్లాడతాలే. నువ్వు లోపలుండి పులుసు సంగతి చూడు."

"వాళ్లకి నిజం చెప్పేద్దామండీ."

"ఏం నిజమే? పేరు నాదీ, ఫొటో నాదీ. నువ్వు చెప్తే నేను చెప్పినట్టు కాదా? మనలో మనకి వేరువేరేంటి? అంతదూరం నించొచ్చి, ఇన్నాళ్లూ ఆడమనిషితో మాట్లాడామా అని వాళ్లు చిన్నబుచ్చుకోరూ?"

చేపలు కడుగుతూ ఆవిడ ఆ మాటనే తిప్పితిప్పి చూసుకుంది. మనలో మనకి వేరువేరేంటి. వినడానికి ఎంత కమ్మగా ఉందో! జగ్గారావు చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు, మాట తూలి ఎరగడు, కూర బాగుంటే బాగుందంటాడు. కానీ ఈ కలుపుకోవడం ఎప్పుడూ ఒక పక్కకే ఎందుకు వాలుతుందో ఆవిడకి అర్థం కాదు. వేసవిలో నీళ్ల రంగు చూసి, చెరువులో గాలి తగ్గిందండీ, చేప పైకి తేలుతుంది అని చెప్పేది ఆవిడ. సాయంత్రం సెంటర్లో కూర్చుని "చూడగానే పసిగట్టేశానండీ" అని చెప్పేది ఆయన. ఆవకాయ ఆవిడ పెడితే జగ్గారావు గారింటి ఆవకాయ. ఆయన మేడ మెట్ల మీంచి జారిపడితే మాత్రం, మెట్లమీద నీళ్లు ఎవరు పోశారో ఊరందరికీ తెలుసు. ఇన్నేళ్లూ ఆవిడ దానికి పెద్దగా బాధపడలేదు. నీళ్లు ఆయనవే, చెరువు ఆయనదే, మెట్లూ ఆయనవే అనుకుంది. చెవులు మాత్రం ఆవిడవి. అవి పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి.

సరిగ్గా పదకొండుకి ఆటో ఆగింది. ఆనంద్ పాల్ గారు రిటైరయిన లెక్కల మేష్టారు, పలచటి మనిషి, చేతిలో బత్తాయిల సంచీ. ఆయనతో వచ్చిన పిల్ల క్రిస్టినా, ఏలూరులో పాత టేపులు శుభ్రం చేసే చిన్న స్టూడియో నడుపుతోంది. శేషారత్నం మంచినీళ్లిచ్చి, వాళ్లు "నమస్కారమండీ అమ్మగారూ" అంటే నమస్కారం పెట్టి, లోపలికి వచ్చేసింది. పొయ్యి మీద పులుసు, చెవులు గోడకి. అలవాటయిన చోటే కదా.

"అన్నయ్యగారూ, ఇన్నాళ్లకి మిమ్మల్ని కళ్లారా చూశానండీ" అంటున్నారు ఆనంద్ పాల్ గారు. "మా ఇంట్లో మీ పేరు తలవని రోజుండదండీ. అసలీ జ్ఞాపకం ఎలా అబ్బిందండీ మీకు?"

"ఏదోనండీ," అన్నాడు జగ్గారావు. గొంతులో అప్పుడే కాస్త బరువు చేరింది. "చిన్నప్పట్నించీ మనకి సంగీతం అంటే కొంచెం ఇదండీ. సినిమా చూస్తుంటే పక్కన పిడుగు పడ్డా కదలనండీ."

అదొక్కటీ నిజమే అనుకుంది శేషారత్నం, గరిటె తిప్పుతూ. ఆవిడకి కోపం రాలేదు, నవ్వు వచ్చింది. సరేలే, నాలుగు పొగడ్తలేగా, తిననీ, ఎక్కువైతే అరగక ఆయనే తంటాలు పడతాడు అనుకుంది. అంతలో క్రిస్టినా చిన్న స్పీకరు బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

"అంకుల్, ఇదేనండీ ఆ బిట్టు. సినిమా ఇరవైసార్లు చూశాం, ఎక్కడా లేదండీ. మీరెక్కడంటే అక్కడే పెట్టేస్తాం. ఇవాళే చెన్నైకి పంపేయాలి, తర్వాత ఇంక మార్చడానికుండదండీ."

మొదట డప్పు మీద రెండు దెబ్బలు. ఆ వెంటనే ఒకే ఒక్క క్లారినెట్టు.

శేషారత్నం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పదకొండేళ్ల పిల్ల, గోడ అవతల ఫస్టు ఆట, చేతులకి బూడిద, ఇత్తడి బిందె. ఈ బిట్టు కోసం ఆ పిల్ల బిందె తోమడం ఆపి గోడకి చెవి ఆనించేది. ఆ తర్వాత ఎన్నిసార్లు టీవీలో ఆ సినిమా వచ్చినా, వంటగదిలోంచి ఎన్నిసార్లు ఎదురుచూసినా ఇది రాలేదు. చివరికి తనే కల్పించుకుందేమోననుకుని ఊరుకుంది. ఉంది! నిజంగానే ఉంది! క్లారినెట్టు ఎక్కి, దిగి, వయొలిన్లు ఒకటీ ఒకటీ వచ్చి చేరి, మధ్యలో ఒక్కసారిగా అంతా ఆగింది. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఏమీ లేదు. మళ్లీ క్లారినెట్టు, ఈసారి పై స్థాయిలో, పరుగున. ఆవిడ కళ్లు ధారలు కట్టాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

హాల్లో బిట్టు అయిపోయింది. జగ్గారావు గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఫైటింగులోదండీ. మొదట ఆ రెండు దెబ్బలూ వినపడ్డాయి కదండీ? విలన్ని కొట్టినప్పుడు. అనుమానమే లేదు."

"ఫైటింగా అంకుల్?" అంది క్రిస్టినా, నమ్మలేనట్టు.

"అన్నయ్యగారు చెప్పాక ఇంక ఆలోచనేంటమ్మా? రాసేసుకో. ఇరవై రెండో బిట్టు తర్వాత, ఫైటింగు" అన్నారు ఆనంద్ పాల్ గారు.

తన పేరు పోయిందని ఆవిడ కదిలేది కాదేమో. పేరు లేకుండా చాలానే గడిపింది. కానీ ఆ క్లారినెట్టుని తీసుకెళ్లి కర్రసాము మధ్యలో పడేస్తారా? ఇంకెప్పటికీ మారకుండా, విన్న ప్రతివాడూ ఓహో ఫైటింగా అనుకునేలా? శేషారత్నం గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చేసింది.

"అది ఫైటింగు కాదండీ."

ముగ్గురూ తలతిప్పారు. జగ్గారావు కళ్లతోనే లోపలికి వెళ్లమన్నాడు. ఆవిడ ఆ చూపుని పక్కకి పెట్టి, గరిటెలోంచి పులుసు గచ్చు మీద చుక్కలు పడుతున్నా చూసుకోకుండా చెప్పుకుపోయింది.

"మొగుడు 'గుమ్మం దాటితే మళ్లీ రాకు' అంటాడు చూడండి, ఆ తర్వాతదండీ ఇది. ఆ రెండు దెబ్బలూ ఆయన తలుపు మూసి గడియ పెట్టడం. క్లారినెట్టు ఆవిడ ఒక్కర్తే రేవుకి వెళ్లి దోనె ఎక్కడం. తెడ్డు నీళ్లలో పడే చప్పుడు వినిపించేదండీ, టేపులో లేదు గానీ. మధ్యలో ఆగిందే, అక్కడ ఆవిడ వెనక్కి తిరిగి ఇల్లు చూసుకుని ఉంటుంది. మూడుసార్లు తెడ్డు చప్పుడు ఉండదండీ అక్కడ. తర్వాత గబగబా తెడ్డు వేస్తుంది, క్లారినెట్టు పైకెళ్తుంది. మొత్తం నాలుగు నిమిషాలు. ఒక్క మాట ఉండదు. అదయ్యాక పొద్దున్నే జనం రేవు దగ్గర 'ఏదీ, ఎటెళ్లింది' అంటారు."

క్రిస్టినా నోరు తెరిచి వింటోంది. గబుక్కున ల్యాప్‌టాప్ తీసి ఏదో వెతికింది. "సార్! ఇక్కడ చూడండి. తలుపేస్తాడు, వెంటనే తెల్లారిపోతుంది, రేవులో జనం. ఈ జంపు నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు!"

ఆనంద్ పాల్ గారు మెల్లగా అన్నారు, "విడుదలైన మొదటి వారంలోనే నాలుగు నిమిషాలు కోసేశారని ఒక పాత పత్రికలో చదివానండీ. ఆడమనిషి ఒక్కర్తే అంతసేపు పడవ తోసుకుపోతుంటే చూసేదెవరని హాళ్లవాళ్లు గొడవచేశారంట. మరి మీరెక్కడ చూశారమ్మా?"

"చూళ్లేదండీ. విన్నాను. పట్నాల్లో కోశారేమో గానీ, మా ముదినేపల్లికొచ్చేసరికి ఆ ప్రింటు గీతలు గీతలు. దానికి కత్తెర కూడా దండగనుకున్నట్టున్నారు. పదకొండు రోజులు ఆడింది, ఇరవైరెండు ఆటలూ విన్నాను." అని, ఎవరూ అడక్కుండానే, ఆవిడ ఆ బిట్టు మొదటినుంచీ చివరిదాకా కూనిరాగం తీసింది. మధ్యలో ఆగాల్సినచోట ఆగి, గరిటెతో గాల్లో మూడు లెక్కపెట్టి, మళ్లీ అందుకుంది.

ఆనంద్ పాల్ గారు జగ్గారావు వైపు చూశారు. ఆవిడ వైపు చూశారు. లెక్కల మేష్టారు కదా, కూడుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అయితే మూడేళ్ల నించీ మాకు..."

"నేనేనండీ" అంది శేషారత్నం. "ఫోను ఆయనది. తప్పు నాదే, చెప్పలేకపోయాను."

ఆయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ జోడించి, అంతలోనే ఏదో గుర్తొచ్చి పెద్దగా నవ్వేశారు. "మూడేళ్లపాటు మిమ్మల్ని అన్నయ్యగారూ అన్నానండీ! పోయిన నెల మీసం బావుందని కూడా రాశాను!" క్రిస్టినా పకపకా నవ్వింది. శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. చివరికి జగ్గారావూ మీసం తడుముకుని నవ్వాడు. లోపల పులుసు అడుగంటిన వాసన వస్తే, "అయ్యయ్యో" అని పరిగెత్తింది ఆయనే. పొయ్యి ఎటు తిప్పితే ఆరుతుందో తెలియక అక్కణ్ణుంచే కేకేశాడు. "కుడిపక్కకండీ" అని ఆవిడ సోఫాలో కూర్చుని, లేవకుండానే చెప్పింది.

"దీంతోపాటు వేసే బుక్‌లెట్‌లో మీ పేరు వెయ్యాలి ఆంటీ" అంది క్రిస్టినా పెన్ను తీసి.

"మిసెస్ జగ్గారావు అని వేసెయ్యండమ్మా" వంటగదిలోంచి వినిపించింది. ఈసారి గోడకి అవతల ఉన్నది ఆయన.

"శేషారత్నం అని వెయ్యమ్మా" అంది ఆవిడ. "కింద ముదినేపల్లి అని పెట్టు. అక్కడే విన్నాను."

మాడిన పులుసే నలుగురూ వంకలు పెట్టకుండా తిన్నారు. వెళ్లబోతూ క్రిస్టినా గుమ్మంలో ఆగింది. చెన్నైవాళ్ల దగ్గర ఇంకా పదిహేడు సినిమాల టేపులున్నాయట, ఒక్కదానికీ చీటీలు లేవట. ఇది బయటికొస్తే అవన్నీ వదులుతామని మాటిచ్చారట. స్టూడియోలో మంచి స్పీకర్లు పెట్టి, తలుపులు మూసుకుని, ఒక్కొక్కటీ మొదట్నుంచీ వినాలట. శేషారత్నానికి పదిహేడు అన్న మాట పదిహేడుసార్లు వినిపించింది. పదిహేడు సినిమాలు, ఎవరూ కాఫీ అడగని గదిలో!

"దానికేం భాగ్యమమ్మా, ఫోన్లో వినిపించెయ్యండి" అన్నాడు జగ్గారావు, పెద్దమనసుతో. "ఇంట్లో పనయ్యాక ఖాళీయే కదా, చెప్తుంది."

"ఫోన్లో కుదరదమ్మా, నేనే వస్తాను" అంది శేషారత్నం. "వచ్చే గురువారం పొద్దున్నే ఏలూరు బస్సెక్కుతాను. సాయంత్రం దాకా ఉంటాను."

జగ్గారావు ఉలిక్కిపడ్డాడు. "గురువారమేంటే! ఆ రోజు మన చెరువు పట్టుబడి. వలలోళ్లూ, లారీవోళ్లూ, ఇరవైమందికి మనింట్లోనే వంట. మర్చిపోయావా?"

"మర్చిపోతానాండీ?" అంది శేషారత్నం, బత్తాయి ఒకటి తీసి ఆయన చేతిలో పెడుతూ. "అందుకేగా గురువారం అన్నాను."